ఇద్దరే రాయగల పేజీ

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకుని ఎక్కువ కాలం కాలేదు. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటాయి. రాయడం కూడా చాలా మెల్లగా సాగుతుంది. ఒక వాక్యం రాసి, పైకి చదువుకుని, మధ్యలో కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్లి, వచ్చాక మళ్లీ మొదటి నుంచి చదువుకుంటే గానీ రెండో వాక్యం రాదు. తప్పులుంటే మన్నించండి.

మాది నల్గొండ దగ్గర పల్లె. నా భర్త అంతయ్య లారీ నడిపేవాడు. ఉత్తరం వచ్చినా, దవాఖానలో చీటీ ఇచ్చినా, బస్సు వచ్చినా ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక ఎల్‌బీ నగర్‌లో ఉన్న కొడుకు మోహన్ దగ్గరికి వచ్చాను. బస్సు బోర్డు చదివేవాళ్లు లేక దిల్‌సుఖ్‌నగర్ పోవాల్సినదాన్ని వనస్థలిపురంలో దిగిన రోజులున్నాయి. దిగాక ఎవరినీ అడగడానికి సిగ్గేసి, పని ఉన్నదానిలా కాసేపు అటూ ఇటూ నడిచి, మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని.

మా చర్చి సంఘంలో స్త్రీల కూడిక బుధవారం మధ్యాహ్నం జరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో సూర్యప్రభగారి ఇంట్లో కూర్చుంటాం. ఆమెది గుడివాడ వైపు. టీచరుగా చేసి రిటైరయ్యారు. ప్రార్థన అయ్యాక టీ తాగి అందరూ చెప్పుల కోసం వెతుక్కుంటుంటే, అక్షరాలు రానివాళ్లను ఆపి పలకల మీద రాయించేవారు. మొదట నలుగురైదుగురం ఉన్నాం. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. మా వీధిలోనే ఉండే సైదమ్మ మొదటి వారమే పలక తిరిగిచ్చేసింది. నువ్వు నేర్చుకుంటున్నావు కదా, నా వంతు కూడా నువ్వే నేర్చుకో అని నాతో చెప్పింది.

మా కూడికలో ప్రతివారం ప్రార్థన అంశాలు తీసుకుంటాం. ఎవరికి ఏ బాధ ఉందో, ఏ అవసరం ఉందో రాసుకుని, ఒక్కొక్కరం ఒక్కొక్క దాని కోసం ప్రార్థన చేస్తాం. ఇంతకుముందు చీటీల మీద రాసేవాళ్లు. ఆ చీటీలు ఎవరి బైబిల్లోనో ఉండిపోయేవి. అది చూసి మా కోడలు ప్రసన్న ఒక ఉపాయం చెప్పింది. తన ఫోన్‌లో నోట్స్ రాసుకునే యాప్ ఒకటి ఉంది. వాళ్ల ఆఫీసువాళ్లు డబ్బు కట్టి ఇచ్చినది. అందులో ఒక పేజీ తెరిచి మా అందరి ఫోన్లకూ కలిపింది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని అందులో రాయొచ్చు. ఒకరు రాసింది అందరికీ కనిపిస్తుంది.

నేను అందులో రాయడం మొదలుపెట్టాక, రాయడం రానివాళ్లంతా నాకు ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టారు. నేను మొదట క్యాలెండర్ వెనక వైపు పెన్సిల్‌తో రాసుకుంటాను. ఆ తర్వాత దాన్ని చూస్తూ ఒక్కొక్క అక్షరం వెతికి ఫోన్‌లో నొక్కుతాను. అలా రాసిన మొదటి రోజుల్లోనే ఒక వింత కనిపెట్టాను. మర్నాడు తెరిచి చూస్తే ఫోన్‌లోని మాటలు క్యాలెండర్ మీది మాటల్లా లేవు. ఒక చోట దీర్ఘం వచ్చింది, ఒక చోట ఒత్తు వచ్చింది. నేను రాసిన మాటలే, కానీ స్నానం చేసి తల దువ్వుకున్నట్టు ఉన్నాయి.

ఎవరో దిద్దుతున్నారు. ఎవరని అడగడానికి మొహమాటం. సైదమ్మకు చెబితే దేవదూత అయి ఉంటుందంది. దేవదూతకు వేరే పని లేదా అన్నాను. నీ తప్పులన్నీ దిద్దాలంటే వేరే పనికి టైమ్ ఎక్కడ దొరుకుతుంది అంది.

సూర్యప్రభగారే అయి ఉంటారని నాకు నేను అనుకున్నాను. పొద్దున్నే క్యాలెండర్‌నూ ఫోన్‌నూ పక్కపక్కన పెట్టుకుని ఏది మారిందో చూసుకోవడం నాకు అలవాటైంది. మారిన మాటను మళ్లీ క్యాలెండర్ మీద రాసేదాన్ని. పలక మీద నేర్చుకున్న దానికంటే అలా నేర్చుకున్నదే ఎక్కువ.

ఈ మధ్య ప్రసన్న ఉద్యోగం మారింది. కొత్త ఆఫీసు అమీర్‌పేటలో. పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే మళ్లీ చీకటి పడేవేళకు వస్తుంది. ఒకరోజు జడ వేసుకుంటూ, పాత ఆఫీసు వాళ్లు ఆ యాప్‌కు డబ్బు కట్టడం ఆపేశారని చెప్పింది.

“మన ప్రార్థన పేజీ ఇగ ఫ్రీ ప్లాన్‌ల పడతది అత్తమ్మా,” అంది.

“పడుడంటే? రాసినయన్ని పోతయా?”

“పోవు. ఉన్నయి ఉన్నట్లే ఉంటయి. అందరు చదువొచ్చు. రాసుడు మాత్రం ఇద్దరికే. పేజీ నా పేరు మీద ఉంది గాబట్టి నేనొకదాన్ని. మీ కూడికల నుంచి ఇంకొక్కరు.”

నాకు చాలా సందేహాలు వచ్చాయి. ఇద్దరే అని ఎవరు లెక్క పెట్టారు? మూడో మనిషి రాస్తే ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్లూ మేం రాసిన మాటలు ఆ ఆఫీసులో ఉన్నాయా, నా ఫోన్‌లో ఉన్నాయా, ఇంకెక్కడైనా ఉన్నాయా? ఆఫీసువాళ్లు మా మోకాళ్ల నొప్పులన్నీ చదివారా? ప్రసన్న నోట్లో పిన్నీసు పెట్టుకుని కొన్నిటికి తల ఊపింది, కొన్నిటికి నవ్వింది. మాటలు ఎక్కడో దూరాన పెద్ద పెద్ద మిషన్లలో ఉంటాయనీ, అక్కడివాళ్లకు మన మోకాళ్లతో పని లేదనీ చెప్పి మెట్రోకు టైమైందని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మా కూడిక వాట్సాప్ గ్రూపులో ఆమె మెసేజ్ వచ్చింది. మీలో ఎవరో ఒకరు రాసే మనిషిగా ఉండండి, మిగిలినవాళ్లు శనివారం లోపల పేజీ మూలన ఉన్న పెన్సిల్ బొమ్మ నొక్కి, రాసేవాళ్లలో నుంచి బయటికి రండి అని ఉంది. బొమ్మ ఎక్కడుందో బాణం గుర్తు వేసి ఫోటో కూడా పెట్టింది. దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఎవరుంటారో మాత్రం ఎవరూ రాయలేదు.

ఇక్కడ మా కూడిక సంగతి కొంచెం చెప్పాలి. టిఫిన్ పళ్లెం తెచ్చి మధ్యలో పెడితే ముందుగా చెయ్యి పెట్టే మనిషి మాలో లేదు. పాట ఎత్తుకోమంటే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు, ఆ ఇంకొకరు మూడో మనిషి వైపు. మంచి గొంతు ఉన్నవాళ్లు జలుబు చేసిందంటారు. నేను చేస్తానని ముందుకు రావడం గర్వం కిందికి వస్తుందని మాకు ఎవరూ నేర్పలేదు గానీ, అందరికీ తెలుసు.

శనివారం పొద్దున ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. బయటికి వస్తే ఇక చదవడమే. నాకు రాసేందుకు వేరే చోటు ఏముంది? ఉత్తరాలు రాసే కాలం కాదు. చెయ్యి నాలుగు వారాలు ఆగితే అక్షరం మర్చిపోతుందని నాకు బాగా తెలుసు. ఒకసారి జ్వరం వచ్చి లేచాక ‘ఘ’ దగ్గర ఆగిపోయి ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. అదీగాక, పొద్దున్నే క్యాలెండర్ పక్కన ఫోన్ పెట్టుకుని చూసుకునే ఆ బడి మూతపడుతుంది. నాకు ఉండాలనే ఉంది. చాలా ఉంది. కానీ అక్షరం నేర్పిన సూర్యప్రభగారు ఉండగా ఆ చోట్లో నేను ఎలా కూర్చుంటాను?

పెన్సిల్ బొమ్మ నొక్కాను. నిజంగానే బయటికి వస్తారా అని ఫోన్ మళ్లీ అడిగింది. ఏదైనా వద్దంటే, నిజంగానే వద్దా అని నన్ను రెండోసారి అడిగినవాళ్లు తక్కువ. అయినా అవునని నొక్కాను. పెన్సిల్ మాయమైంది.

ఆ తర్వాతి రోజుల్లో అలవాటుగా ఫోన్లు వచ్చాయి. ఈసారి వేరేవాళ్లు రాస్తారులెండి అని అందరికీ చెప్పాను. ఎవరు అని అడిగితే సూర్యప్రభ సిస్టర్ అయి ఉంటుందన్నాను. పేజీ తెరిచి చూడబుద్ధి కాలేదు.

బుధవారం నేనూ సైదమ్మా మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. దారిలో తన మనవరాలు భావన సంగతి చెప్పింది. ఆ పిల్ల నర్సింగ్ చదువుతోంది. సోమవారంతో పరీక్షలు అయిపోయాయట, మంచిగానే రాసిందట. పాస్టరుగారి భార్య ఎలిజబెత్ అమ్మగారు అప్పటికే వచ్చి ఉన్నారు. పాటలయ్యాయి. సూర్యప్రభగారు కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తెరిచి అంశాలు చదివారు. మొదటి అంశం వినగానే ఇది పోయిన వారంది కదా అనిపించింది. రెండోదీ పోయిన వారందే. అందరూ కళ్లు మూసుకున్నారు కాబట్టి నేనూ మూసుకున్నాను.

ఎలిజబెత్ అమ్మగారు భావన పరీక్షల కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె ఏ ప్రార్థనైనా పూర్తిగా చేస్తారు. బిడ్డ హాల్లోకి భయం లేకుండా అడుగుపెట్టాలని, చదివిందంతా గుర్తుకు రావాలని, పెన్ను ఆగకుండా నడవాలని, చుట్టూ కూర్చున్న బిడ్డలకు కూడా జ్ఞానం ఇవ్వమని అడిగారు. సైదమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. నేను కదలలేదు. మళ్లీ పొడిచింది. ప్రశ్నాపత్రం సులువుగా రావాలని అమ్మగారు అడుగుతుండగా సైదమ్మ భుజాలు నవ్వుతో ఊగడం నాకు తెలుస్తోంది.

ఆమెన్ అనగానే సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. “అమ్మగారూ, పిల్ల సోమారమే రాసొచ్చింది. ఇగ దిద్దే సార్ల కోసం చేయున్రి.”

అమ్మగారే ముందు నవ్వారు. తర్వాత అందరం నవ్వాం. నవ్వు ఆగాక, ఈ వారం ఎవరూ ఏమీ రాయలేదేమని అమ్మగారు అడిగారు. అప్పుడు బయటపడింది. సూర్యప్రభగారు నేనుంటానని బయటికి వచ్చేశారు. నేను ఆమె ఉంటారని వచ్చేశాను. అమ్మగారు మా ఇద్దరిలో ఎవరో ఒకరం ఉంటామని వచ్చేశారు. మూల కూర్చున్నవాళ్లు కూడా పేరు పేరునా అదే చెప్పారు. శనివారం సాయంత్రానికి ఆ పేజీలో రాయగలిగే మనిషి ప్రసన్న తప్ప ఒక్కరూ లేరు. ఒకరికొకరం చోటిచ్చి, గదినే ఖాళీ చేసి పోయాం.

ఇక మళ్లీ మొదలైంది. మీరుండండి అంటే మీరుండండి. చివరికి అమ్మగారు, సూర్యప్రభ సిస్టర్ టీచరు కాబట్టి ఆమే రాస్తే బాగుంటుందన్నారు. అందరూ సరే అన్నారు. సూర్యప్రభగారు కాదనలేక తల ఊపారు. అయిపోయింది. అమ్మగారు పాటల పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అర్థమైంది.

“అమ్మగారూ,” అన్నాను. “నాకు రాయాలని ఉంది.”

నేను తల దించుకుని చాప అంచు చూస్తున్నాను.

“ఏందక్కా, పెండ్లికి అడిగినట్లు గట్ల సిగ్గుపడుతున్నవ్,” అంది సైదమ్మ.

“నువ్వు ఊకో సైదమ్మా,” అన్నారు అమ్మగారు. తర్వాత నావైపు తిరిగి, “శనివారమే గీ మాట అంటే అయిపోవు గద ఎల్లమ్మా. అయిపోయిన పరీక్షకు అంతసేపు ప్రార్థన తప్పేది నాకు,” అన్నారు.

నేను సూర్యప్రభగారి వైపు చూశాను. ఆమె కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుంటున్నారు. మొహంలో కోపమేమీ లేదు.

“నాకు ఫోన్లో అంత చిన్న అక్షరాలు కొట్టాలంటే కళ్లు లాగేస్తాయండీ. మీరుంటారనే కదా నేను వచ్చేశాను,” అన్నారు.

“మరి మీకు రాసే వీలు లేకుంటే నా తప్పులు ఎట్ల దిద్దుతరు టీచర్?” అన్నాను. ఆ భయం ఎలాగూ ఉంది, బయటికే వచ్చేసింది.

ఆమె నన్ను విచిత్రంగా చూశారు. “నేనెప్పుడు దిద్దానండీ?”

“రోజు పొద్దుగాల దిద్ది ఉంటయి గద.”

“నేను కాదు. మీరు బాగా రాస్తున్నారే అనుకుంటున్నాను నేను.”

అమ్మగారిని చూశాను. ఆమె కాదన్నట్టు చెయ్యి ఊపారు. అందరి మొహాలూ వరసగా చూశాను. అందరూ కాదన్నారు. చివరికి నా చూపు సైదమ్మ మీద ఆగింది.

“నన్నేంది చూస్తున్నవ్ అక్కా,” అంది సైదమ్మ. “నాకు అక్షరాలొస్తే నా మోకాలు సంగతి నేనే రాసుకోకపోదునా.”

తిరిగి వస్తున్నప్పుడు మెట్రోలో నాకు అదే ఆలోచన. రాసే చోటు దొరికిందన్న సంతోషం ఒక పక్కన ఉంది. ఇన్నాళ్లూ నా అక్షరాలను దిద్దింది ఎవరన్నది ఇంకో పక్కన తొలిచేస్తోంది. ఫోనే దిద్దుకుంటుందేమో అనుకున్నాను. కానీ ఫోన్ నన్ను అడగకుండా మార్చిన మాటలు నాకు తెలుసు. ఒకసారి సైదమ్మ పేరును దాని ఇష్టం వచ్చినట్టు ఇంకేదో చేసింది. ఈ దిద్దుబాటు అలాంటిది కాదు. తప్పు ఉన్నచోటే ముట్టుకుని, మిగతాది నేను రాసినట్టే వదిలేసేది. ఇది మనిషి పనే.

ఆ సాయంత్రం జరిగింది చెబితే ప్రసన్న చాలాసేపు నవ్వింది. నన్ను మళ్లీ పేజీలో రాసే మనిషిగా చేర్చింది. మూలన పెన్సిల్ వచ్చింది.

మర్నాడు తెల్లవారకముందే లేచి క్యాలెండర్ తీశాను. సైదమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇంకా ఇద్దరివి రాశాను. ప్రసన్న ఆఫీసుకు, మోహన్ పనికి వెళ్లేసరికి వాటిని ఫోన్‌లోకి ఎక్కించడం అయింది. ఎప్పుడూ అయితే ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆ రోజు వెళ్లలేదు. పేజీ తెరిచి ఒళ్లో పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. తెర ఆరిపోబోతే వేలితో తాకుతున్నాను.

బుట్టలో కాయలు సగం అయ్యేసరికి నా వాక్యం చివర ఒక గీత వచ్చి నిలబడింది. నేను చెయ్యి పెట్టలేదు. గీత మెల్లగా వెనక్కి నడిచింది. ఒక అక్షరం పోయింది. దాని చోట ఇంకొకటి వచ్చింది. సైదమ్మ చెప్పిన దేవదూత గుర్తొచ్చిందంటే నవ్వకండి.

తర్వాత గీత రెండో వరుసకు దిగింది. దాని మీద చిన్న గుండ్రం ఒకటి ఉంది. ఆ గుండ్రంలో ‘ప్ర’ అని ఉంది. అప్పుడు తట్టింది. ఈ పేజీలో ఇప్పుడు రాయగలిగేది ఇద్దరమే. ఒకదాన్ని నేను. పదిమంది రాసే పేజీలో నాకు చేతకానిది ఇద్దరే మిగిలేసరికి దానంతట అదే తెలిసిపోయింది.

కాయలు వదిలేసి ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. ఆ వేళకు ఆమె మెట్రోలో ఉంటుంది. కూర్చోవడానికి చోటు దొరకదని రోజూ అంటుంది. ఒక చేత్తో పైన పట్టీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో అత్త రాసిన దీర్ఘాలు సరిచేస్తోంది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం, పప్పులో ఉప్పు తక్కువైందని కూడా అనుకున్నాం. ఈ మాట మాత్రం ఎప్పుడూ ఆమె నోటి నుంచి రాలేదు.

సాయంత్రం ఆమె వచ్చి కాళ్లు కడుక్కుని టీ తాగేదాకా ఆగాను. ఆ తర్వాత క్యాలెండర్‌నూ ఫోన్‌నూ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఆమె ఒకసారి చూసి గ్లాసు కింద పెట్టింది. “చూసిన్రా,” అంది.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

“కోడలు అత్తమ్మ తప్పులు చూపెడితే మంచిగుంటదా? మీరు రాసుడు బంద్ చేస్తరేమో అని భయమైంది. ఆయనకు గూడ చెప్పలే,” అంది. గ్లాసు పక్కకు జరిపి, “ఈ వారం పేజీల ఏం లేకపోయేసరికి రోజు తెరిచి తెరిచి చూసిన. పానం బాగలేదేమో, నాకు చెప్తలేరేమో అనుకున్న,” అంది.

నాకు కోపం రాలేదు. కోపం వస్తుందేమోనని నేనూ ఎదురుచూశాను, రాలేదు. నాకు వేరే సంగతి కావాలి.

“మాట మారుతది గని ఎందుకు మారిందో నాకు తెల్వకపోయేది,” అన్నాను. “అడుగుదామంటే ఎదురుంగ మనిషి లేకుండె. ఇప్పుడున్నవ్. చెప్పు, గీడ ఒత్తు ఎందుకొచ్చింది?”

ఆమె చెప్పింది. ఇంకొకటి అడిగాను. చెప్పింది. మూడోది అడిగితే కాసేపు ఆలోచించి, అది తనకూ సరిగ్గా తెలియదనీ, అలా రాయడమే అలవాటనీ ఒప్పుకుంది. బుధవారం సూర్యప్రభగారిని అడిగి నేనే ఆమెకు చెబుతానన్నాను. మోహన్ వచ్చి అన్నం పెట్టమంటే, జర ఆగమని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఏమైందో తెలియక మా మొహాలు చూసి, తనే వెళ్లి పళ్లెం తెచ్చుకున్నాడు.

ఆ రోజు ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఇకనుంచి ఆమె దిద్దదు. తప్పనిపించిన మాట మీద పసుపు రంగు వేసి వదిలేస్తుంది. ఫ్రీ ప్లాన్‌లో ఆ రంగు ఒక్కటే ఉందట, మిగతావి డబ్బు కట్టినవాళ్లకు. నాకు ఆ ఒక్కటి చాలు. ఏం తప్పో నేనే వెతుక్కుని సరిచేసుకోవాలి.

మర్నాడు నేను రాసినదాంట్లో అక్కడక్కడా పసుపు పడింది. క్యాలెండర్ పెట్టుకుని ఒక్కొక్కటీ వెతికాను. కొన్ని తొందరగా దొరికాయి. ఒకదానికి వంట ఆలస్యమైంది. చివరి పసుపు సైదమ్మ మాట మీద ఉంది. తన మోకాలు మెట్లెక్కితే కలుక్కుమంటదని ఆమె చెప్పింది. నేను అలాగే రాశాను. దాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తప్పు కనిపించలేదు. సైదమ్మకు ఫోన్ చేసి మోకాలు ఎలా ఉందని అడిగాను. పొద్దున కూడా కలుక్కుమన్నదంది.

ఆ రంగు నేనే తీసేసి, మాటను అలాగే ఉంచాను. సాయంత్రం ప్రసన్న పేజీ తెరిచి చూసింది. నావైపు ఒకసారి చూసింది. మళ్లీ రంగు వేయలేదు.

బొల్లెపల్లి ఎల్లమ్మ
వయసు అరవై నాలుగు
ఎల్‌బీ నగర్, హైదరాబాద్